శరణాలయ బాలల ఛాయాచిత్రములు : ఒక పరిశీలనము

ఇంటిలో పెరిగిన బిడ్డకు తన బాల్యమును గూర్చి చెప్పువారు పలువురుందురు. ఏ నెలలో తొలి యడుగు వేసెనో, ఏ యేట ఆటలమ్మ పోసెనో, ఎవరి పోలిక వచ్చెనో తల్లియు, అమ్మమ్మయు, మేనత్తయు చెప్పుచునే యుందురు. పెట్టె యడుగున నొక పాత ఫొటో దొరకును. దానిని చూపి, “ఈ బోసినోటివాడవు నీవేరా” అని నవ్వుదురు. శరణాలయమున పెరిగిన బిడ్డకు ఇట్లు చెప్పువారు లేరు. వాని తొలి పండ్లూడిన నాడు చూచిన ఆయా మరుసటి యేడు మారిపోవును. వార్డెను బదిలీయై వెళ్లును. వాని బాల్యమునకు సాక్షులు చెదరిపోవుదురు. మిగులునది రిజిస్టరులో నొక పంక్తి, ఉన్నచో నొక ఛాయాచిత్రము.

కావుననే శరణాలయములలోని పిల్లల ఛాయాచిత్రములను తక్కిన చిత్రములవలె వెలుగునీడల పొందికను బట్టి మాత్రమే విమర్శించుట చాలదని నా యభిప్రాయము. ఇట్టి చిత్రము వెనుక ముగ్గురు కలరు: చిత్రమును కోరిన సంస్థ, తీసిన చిత్రకారుడు, దానిని చూచి జాలిపడు లోకము. నాలుగవవాడైన బిడ్డ చిత్రము నడుమ నుండియు లెక్కలోనికి రాడు. రేపు ఆ బిడ్డ పెద్దవాడై యీ చిత్రము నెదుట నిలిచినచో తలవంచుకొనునా, లేక “ఇది నేనే” యని చెప్పుకొనగలడా? ఈ ప్రశ్ననే నేను గీటురాయిగా గైకొని, నలుపు తెలుపు ఛాయాచిత్రముల చరిత్రలో పేరొందిన మూడు ఘట్టములను పరిశీలింతును. మొదటిది లండను నగరము, రెండవది అమెరికాలోని కార్లైల్, మూడవది యుద్ధానంతరపు ఐరోపా. కడపట మన సంఘముల సంచికలను గూర్చియు రెండు మాటలు చెప్పవలసియున్నది.

1. లండను : ముందు, తరువాత

థామస్ జాన్ బర్నార్డో 1845లో డబ్లిను నగరమున జన్మించెను. 1870లో లండనులోని స్టెప్నీ కాజ్‌వేలో దిక్కులేని బాలురకొక గృహమును తెరచెను. ఆ దశాబ్దిలోనే ఆయన ఛాయాచిత్రకారులను నియమించి, గృహమున చేరిన పిల్లలను చిత్రింపజేసెను. వానిలో కొన్ని జంట చిత్రములు. ఒకదానియందు బాలుడు చింపిరి గుడ్డలతో, రేగిన జుట్టుతో, వట్టికాళ్లతో నుండును. రెండవదానియందు అతడే శుభ్రమైన దుస్తులు ధరించి, చేత పనిముట్టు పట్టి నిలుచును. ఈ చిత్రములను అట్టలపై నంటించి గృహపోషణార్థము విక్రయించిరి. ఇరువది యట్టల కట్ట వెల 5 షిల్లింగులు, విడిగా నొకటి 6 పెన్నీలు.

ఈ జంట చిత్రముల బలమెట్టిదో మనకు సులభముగ బోధపడును. మాటలక్కరలేదు, అంకెలక్కరలేదు. ఎడమ కన్ను దుఃఖమును చూచును, కుడి కన్ను ఉపకారమును చూచును, చేయి జేబులోనికి పోవును. కాని 1877లో బర్నార్డోపై వచ్చిన అభియోగములు మధ్యవర్తుల యెదుట విచారణకు వచ్చినపుడు ఈ చిత్రములును విచారింపబడెను. ఎన్నడును వార్తాపత్రికలమ్మని యొక బాలికను వట్టికాళ్లతో పత్రికలమ్ము దానివలె నిలిపిరని ఆమె తల్లి పక్షమున ఫిర్యాదు వచ్చెను. ఒక బాలుని చొక్కాను కత్తితో మరింత చింపిరను ఆరోపణ వచ్చెను. ఒక్క బిడ్డను గాక, ఆ తరగతికి చెందిన బిడ్డలందరి దుస్థితిని చూపుటయే తన యుద్దేశమని బర్నార్డో సమాధానము. మధ్యవర్తులు ఆయనను అధికాంశమున నిర్దోషిగా నిర్ణయించిరి. అయినను, చిత్రములలోని ఈ కల్పనను మాత్రము తప్పుపట్టిరి.

బర్నార్డో దయాహృదయుడు కాడని నే ననను. వేలకొలది బిడ్డలకు ఆయన కూడు, గూడు, చేతిపని కల్పించెను. కాని ఆయన సమాధానముననే దోషము బయటపడుచున్నది. ఒక బిడ్డ మొగమును తీసికొని, దానిని ఒక వర్గమునకు గురుతుగా వాడినపుడు ఆ బిడ్డ తన మొగమును కోల్పోవును. చిరిగిన చొక్కాను కుట్టవచ్చును. లోకమెదుట దానిని మరికొంత చింపినవాని చేతిని ఆ బాలుడు మరచునా?

ఈ కథకు రెండవ భాగమొకటి కలదు. అది మొదటి భాగమంత ప్రసిద్ధము కాదు, కాని మనకదియే ముఖ్యము. 1877 తరువాత ఆ విక్రయపుటట్టలు ఆగిపోయెను. సంస్థలోని ఛాయాచిత్ర శాఖ మాత్రము ఆగలేదు. చేరిన ప్రతి బిడ్డను చేరిన నాడు చిత్రించి, పేరు, తేది వ్రాసి భద్రపరచు పని సాగెను. 1905లో బర్నార్డో మరణించు నాటికి అట్టి చిత్రములు సుమారు 55,000 అయినవి. వీనిలో నాటకము లేదు, కళయు లేదు. గోడ, బిడ్డ, సూటి చూపు, అంతే. నేడు ఆ పిల్లల మనుమలు, మునిమనుమలు తమ పూర్వులను వెదకికొనుచు ఆ సంస్థకు వ్రాసినపుడు వారికి దొరకునవి ఈ చిత్రములే. లోకమును కదలించుటకై తీసినవి అపఖ్యాతి పాలయ్యెను. లెక్కకై తీసినవి, పేరు, తేది యుండుటచే, ఒక వంశమునకు నిధులయ్యెను. రెంటిని తీసినది ఒకే శాఖ. భేదమంతయు చిత్రము ఎవరి కొరకు తీయబడెననుటలో నున్నది.

2. కార్లైల్ : మార్చిన మొగము, మార్చిన పేరు

లండనులో మారినది బట్ట. అమెరికాలో మార్చదలచినది మనిషినే. 1879లో రిచర్డ్ హెన్రీ ప్రాట్ అను సైనికాధికారి పెన్సిల్వేనియా రాష్ట్రములోని కార్లైల్ అను పట్టణమున, పాత సైనిక శిబిరమునందు, అమెరికా ఆదివాసుల బిడ్డలకొక ఆవాస పాఠశాలను స్థాపించెను. అది 1918 వరకు నడచెను. బిడ్డలను వందలు, వేల మైళ్ల దూరమునుండి రైళ్లలో తెచ్చిరి. జుట్టు కత్తిరించిరి, యూనిఫారము తొడిగిరి, మాతృభాషను మాటలాడరాదని శాసించిరి. బిడ్డలోని ఇండియనును చంపి మనుష్యుని కాపాడవలెనను అర్థము వచ్చునట్లు ప్రాట్ 1892లో ఒక సభయందు బాహాటముగనే ప్రసంగించెను.

ఆ పట్టణమున జాన్ నికొలాస్ చోట్ అను ఛాయాచిత్రకారుడు స్టూడియో నడుపుచుండెను. ఆయన తీసిన జంట చిత్రములు దేశమంతట వ్యాపించెను. మిక్కిలి ప్రసిద్ధి కెక్కిన జంట నవాహో జాతి యువకుడొకనిది. 1882 నాటి మొదటి చిత్రమున పొడవు జుట్టు, చెవిపోగులు, కంఠహారములు, భుజముపై కంబళి. మూడేండ్లకు తీసిన రెండవ చిత్రమున క్రాపు, కోటు, మెడపట్టీ. రెండవదానిలో చర్మపు ఛాయ కూడ తెల్లబడినట్లుండును. దీపపు అమరిక చేతనే అట్లు కనబడునని పరిశోధకులు చెప్పుదురు. నలుపు తెలుపు చిత్రమునకు గల యీ శక్తిని మనము గుర్తింపవలెను. అందు వెలుగు నెంతయిచ్చిన మొగమంత తెల్లన. వెలుగును ఏర్పరచువాడు తాను కోరిన నిజమును ఏర్పరచుకొనగలడు.

ఈ చిత్రములలో చూపరానిది యొకటి కలదు. అది నాలుక. బిడ్డ తల్లితో మాటాడిన భాష ఏమాయెనో ఏ చిత్రమును చెప్పజాలదు. ఆ పాఠశాలకు 1879లో వెళ్లిన తొలి జట్టులో లకోటా జాతి బాలుడొకడుండెను. పిదప లూథర్ స్టాండింగ్ బేర్ అను పేర రచయితయై 1928లో తన జీవితకథను ప్రకటించెను. అందాయన వ్రాసిన సంగతి యిది. ఒకనాడు తరగతిలోని నల్లబల్లపై తెల్లని గీతలు కొన్ని కనబడెను. అవి అక్షరములని గాని, పేర్లని గాని పిల్లలెరుగరు. ఒక్కొక్కని పిలిచి, చేతికి బెత్తమిచ్చి, ఆ గీతలలో నొకదానిని తాకుమనిరి. ఏది తాకిన అదియే యికపై వాని పేరు. ఇంటిలో ఓటా క్టే యని పిలువబడిన బాలుడు ఆనాటినుండి లూథర్ అయ్యెను.

నల్లబల్ల యెదుట ఇరువదియేండ్లకు పైగా నిలిచినవాడను గనుక ఈ సంగతి నన్ను కలచివేసినది. పేరు వ్రాయుట నేర్పుటకే గదా మనము సుద్దముక్క చేతబట్టుదుము! అక్కడ అదే సుద్దముక్కతో పేరును చెరిపిరి. చోట్ తీసిన చిత్రముల క్రింద కనబడు ఇంగ్లీషు పేర్లు పెక్కు ఇట్లు పుట్టినవే. చిత్రము క్రింద పేరున్నంత మాత్రమున బిడ్డకు న్యాయము జరిగినదనుకొనరాదు. ఆ పేరు ఎవరు పెట్టినదో కూడ అడుగవలెను.

కార్లైల్‌లో చదువుచు మరణించిన పిల్లల సమాధులు 180కి పైగా అక్కడ నుండెను. కొన్ని రాళ్లపై పేర్లు తప్పు, కొన్నింటిపై పేరే తెలియదని వ్రాత. 2017 మొదలు అమెరికా సైన్యము కుటుంబముల కోరికపై ఆ యస్థికలను స్వస్థలములకు పంపుచున్నది. ఆ పట్టణములోని డికిన్సన్ కళాశాల పాఠశాల పత్రములను, చిత్రములను సేకరించి అందరికి నందుబాటులో నుంచినది. జాతులవారు తమ బిడ్డల చిత్రములకు అసలు పేర్లు చేర్చుటకు ఇది వీలు కలిగించినది. ఒకనాడు విజయమును చాటుటకు తీసిన చిత్రములే నేడు సాక్ష్యములుగ నిలిచినవి. ఇది చోట్ యొక్క గొప్పతనము కాదు, వెదకువారి ప్రేమ.

3. ఐరోపా : షిమ్ చిత్రించిన బిడ్డలు

పై రెండు ఘట్టములందును చిత్రము సంస్థను పొగడుటకు తీసినది. బిడ్డనే చూచిన చిత్రకారుడు లేడా యనిన, కలడు. ఆయన డేవిడ్ సీమూర్. 1911లో వార్సా నగరమున యూదు కుటుంబమున జన్మించెను. అసలు ఇంటిపేరు షిమిన్ కాగా మిత్రులు షిమ్ అని పిలిచిరి. తండ్రి హీబ్రూ, యిద్దిషు భాషలలో గ్రంథములు ప్రకటించిన ప్రచురణకర్త. షిమ్ స్పెయిను అంతర్యుద్ధమును చిత్రించి పేరుగాంచెను. 1942లో ఆయన తలిదండ్రులు నాజీలచే హతులైరి. 1947లో రాబర్ట్ కాపా, హెన్రీ కార్తియే-బ్రెసన్, జార్జ్ రోజర్‌లతో గూడి మాగ్నమ్ అను చిత్రకారుల సహకార సంస్థను నెలకొల్పెను. మరుసటి యేడు, 1946 డిసెంబరులో నేర్పడిన యునిసెఫ్ సంస్థ పక్షమున ఆస్ట్రియా, గ్రీసు, హంగరీ, ఇటలీ, పోలండు దేశములు తిరిగి యుద్ధపీడిత బాలలను చిత్రించెను. ఆ చిత్రములను ‘ఐరోపా బాలలు’ అను నర్థముగల పేరుతో యునెస్కో 1949లో గ్రంథముగ వెలువరించెను.

ఆయన అనాథాశ్రమములు, చికిత్సాలయములు, బాలనేరస్థుల సంస్కరణాలయములు దర్శించెను. నేపుల్సు నగరములో పదునెనిమిదవ శతాబ్దమున బీదలకై కట్టించిన మహాసౌధమొకటి కలదు. యుద్ధానంతరము అందు వీధిపాలైన బాలబాలికలనుంచిరి. అక్కడ తీసిన చిత్రములలో షిమ్ ఆ గోడల యౌన్నత్యమును చూపి బిడ్డను పురుగువలె చిన్నచేయలేదు. బిడ్డల దగ్గరకు పోయెను. వారి చూపులలోని ముదిమిని, పొగరును, అలసటను ఉన్నవి ఉన్నట్లు పట్టెను.

రోమునగరపు చిత్రమొకటి మరపురానిది. యుద్ధమున చూపును, చేతులను కోల్పోయిన బాలుడు పుస్తకముపై వంగి, బ్రెయిలు అక్షరములను పెదవులతో తడవుచు చదువుచున్నాడు. ఇంతకంటె దయనీయమైన సంగతి యుండదు. అయినను చిత్రము చూచినవారికి మొదట తోచునది వాని లోపము కాదు, వాని చదువు. వాడు మనవైపు తిరిగి చేయి చాపుటలేదు, పుస్తకమున మునిగియున్నాడు. నా గీటురాయిపై ఈ చిత్రము మేలిమి బంగారము. పెద్దవాడైన పిదప దీనిని గూర్చి ఎవరైన వర్ణించి చెప్పినచో, “అవును, నేనట్లు చదివితిని” అని అతడు తలయెత్తి చెప్పగలడు.

ఇక ‘తెరెస్కా’ చిత్రము. 1948లో వార్సాలో, మనస్సు గాయపడిన పిల్లలకు చదువు చెప్పు ప్రత్యేక పాఠశాలయందు తీసినది. అది షిమ్ పుట్టిన యూరే. ఆనాటికి అది శిథిలముల దిబ్బ. పిల్లలను నల్లబల్లపై తమ యింటిని గీయుమనిరి. ఒక చిన్న బాలిక గీసినది ఇల్లు కాదు, గోడ లేదు, కప్పు లేదు. సుద్దగీతలు చుట్టలుచుట్టలుగా తమలో తామే చిక్కుపడిన యొక సుడి. చేతిలో సుద్దముక్క యుండగనే ఆమె తిరిగి కెమెరావైపు చూచినది. ఆ విప్పారిన కన్నులను నేను వర్ణింపబోను. చూచినవారు మరువరు, చూడనివారికి మాటలు చాలవు.

తరగతిలో ‘మా యిల్లు’ అను వ్యాసము వ్రాయించుట మన పాఠశాలలలో పరిపాటి. నేనును ఏటేట వ్రాయించితిని. హాస్టలులో నుండి వచ్చు పిల్లల కలములు ఆ రోజున ఆగిపోవుట చాలకాలము నేను గమనింపలేదు. వారు సోమరులనుకొంటిని. తెరెస్కా చిత్రమును చూచిన పిదపనే ఆ ప్రశ్నలోని బరువు నాకు తెలిసినది. మనము అమాయకముగ నడిగిన ప్రశ్న ఒక బిడ్డకు పాఠము, మరొక బిడ్డకు పుండుపై దెబ్బ. ఒక ఛాయాచిత్రము ఉపాధ్యాయునకు ఇంత నేర్పగలిగినచో అది గొప్ప చిత్రమనుటకు నాకు సందేహము లేదు.

కాని విమర్శకుడు ఇక్కడ ఆగరాదు. 1948 డిసెంబరులో లైఫ్ పత్రిక ఈ చిత్రమును ప్రకటించినపుడు ఆమె మొదటి పేరును, ఆమె తన యింటిని గీసినదనియు తెలిపెను. తరువాతి కాలమున ఆ బాలిక నిర్బంధ శిబిరమున పెరిగినదని పలువురు వ్రాసిరి. ఆ మాట పుస్తకమునుండి పుస్తకమునకు ప్రాకెను. దాదాపు డెబ్బదియేండ్లకు, 2017 ప్రాంతమున, పరిశోధకులు ఆమె కుటుంబమును కనుగొని అసలు సంగతి వెల్లడించిరి. ఆమె శిబిరమున పెరిగినది కాదు, వార్సా నగరపు బిడ్డయే. 1944 నాటి వార్సా తిరుగుబాటు కాలమున ఇల్లు కూలి, తలకు గాయమై, అక్కతో గూడ కాలినడకన పల్లెకు పోయి, ఆకలితో అలమటించినది. ఆ గాయము మానలేదు. పెరిగి పెద్దదైన పిదప మానసిక చికిత్సాలయమున చేరి, 1978లో అక్కడనే కన్నుమూసినది.

ఇందు షిమ్ దోషము కొంచెమే. ఒక్కొక్క దేశమున కొద్దివారములు మాత్రమే యుండగల్గినవాడు ప్రతి బిడ్డ చరిత్రను త్రవ్వజాలడు. ఆయనయు 1956 నవంబరు 10న సూయజు కాలువ దగ్గర కాల్పులలో మరణించెను. దోషము మనది, చూచువారిది. చిత్రము మనకు కన్నీరిచ్చిన వెంటనే మనకు కథ కావలెను. ఉన్న కథ చాలనిచో పెద్ద కథను తెచ్చి యంటింతుము. నిర్బంధ శిబిరమను మాట చేర్చగనే చిత్రము మరింత గంభీరమైనట్లు తోచినది. కాని ఆ బిడ్డ గీసినది తన యింటిని. ఆ యిల్లు ఏ వీధిలోనిదో, ఎట్లు కూలినదో ఎవరును అడుగలేదు. లోకమంతయు ఆ కన్నులను చూచెను, ఆ బల్లను చదువలేదు.

4. నలుపు తెలుపులను గూర్చి, క్రింది వ్రాతను గూర్చి

పై మూడు ఘట్టములును నలుపు తెలుపులలోనివి. ఆనాడు అదియే సాధారణ సాధనము. నేడు రంగులు సులభమైనను శరణాలయములకు పోవు చిత్రకారులు పలువురు కోరి నలుపు తెలుపులనే వాడుదురు. దీనివలన గుణము లేకపోలేదు. రంగుల సందడి తొలగి, మొగము, చేతులు, చూపు నిలుచును. కాని ఒక ప్రమాదమును కలదు. బూడిద రంగులో ఏ గోడయైనను జైలుగోడవలె, ఏ బిడ్డయైనను దుఃఖితునివలె కనబడును. ఆ బిడ్డ ఆనాడు ఎఱ్ఱ రిబ్బను కట్టుకొని మురిసియుండవచ్చును. చిత్రమున ఆ యెఱుపు నల్లబడిపోవును. చిత్రకారుడు చూపిన విషాదము బిడ్డదా, ఫిలుముదా యని అడుగుట మన విధి.

దీనికి విరుగుడు చిత్రము క్రింది వ్రాత. ఈ విషయమున లూయిస్ హైన్ ఆదర్శప్రాయుడు. ఆయనయు మొదట న్యూయార్కున ఉపాధ్యాయుడే. 1908 నుండి అమెరికా జాతీయ బాలకార్మిక సంఘము పక్షమున మిల్లులలో, గనులలో పనిచేయు పిల్లలను చిత్రించెను. వారు శరణాలయ బాలలు కారు, కాని ఆయన పద్ధతి మనకు పనికివచ్చును. బిడ్డ పేరు, వయస్సు, ఊరు, పని, కూలి అడిగి వ్రాసికొనుచుండెను. ఎత్తును తన కోటు బొత్తాములతో కొలుచుచుండెను. అట్లు వ్రాసియుంచుటచేతనే నూరేండ్ల పిమ్మట ఆ బిడ్డల సంతతివారు కొందరు కనుగొనబడిరి. తమ తాతను పదేండ్ల వయస్సున తొలిసారి చూచుకొనిరి. కెమెరా పట్టినవాడు చేతిలో పెన్సిలును పట్టవలెనని హైన్ మనకు నేర్పెను.

5. మన సంచికలు

దూరదేశముల తప్పులెన్ని ఊరకుండుట న్యాయము కాదు. ప్రవాసమున నున్న మన తెలుగు సంఘములు పాఠశాలలకు, వసతిగృహములకు ఎంతయో సేవ చేయుచున్నవి. వాని సంచికలలో తప్పక నొక చిత్రముండును. కుర్చీలలో దాతలు, కార్యవర్గసభ్యులు, వెనుకను, నేలమీదను పిల్లలు. క్రింద కుర్చీలలోనివారి పేర్లన్నియు ఎడమనుండి కుడికి వరుసగా నుండును. పిల్లల పేర్లుండవు. “వసతిగృహ బాలురతో” అని యొక్కమాట.

కొన్ని యేండ్ల క్రిందట నా పూర్వ విద్యార్థి యొకడు ఇంటికి వచ్చెను. తల్లిదండ్రులు లేక వసతిగృహమున పెరిగి, నేడు ఉద్యోగము చేసికొనుచున్నవాడు. “మాస్టారూ, మా పాప నా చిన్ననాటి ఫొటో చూపుమని అడుగుచున్నది. నా దగ్గర ఒక్కటియు లేదు” అనెను. ఇద్దరము కూర్చుండి నా బీరువాలోని పాత సంచికలు తిరుగవేసితిమి. ఒకదానిలో దుప్పట్ల పంపిణీ చిత్రము దొరకినది. రెండవ వరుసలో మూడవవాడు. దాతగారి పూలమాల అంచు వాని గడ్డమును కప్పినది. వాడు చాలసేపు చూచెను. పిదప, “దుప్పటి చేతిలో లేని ఫొటో ఒకటి ఉండిన బాగుండెడిది” అనెను. వెళ్లునపుడు, “మీ చేతితో క్రింద నా పేరు వ్రాయుడు” అని కోరెను. వ్రాసితిని. ఆ సంచిక అచ్చు వేయించినవారిలో నేనును ఒకడను.

ఇక్కడ చట్టమును తలపవలెను. 2015 నాటి బాలల న్యాయ చట్టములోని 74వ విభాగము, సంరక్షణావసరముగల బిడ్డలను, చట్టముతో చిక్కుపడిన బిడ్డలను గుర్తింపదగిన పేరు, చిరునామా, పాఠశాల, చిత్రము పత్రికలలో ప్రకటించుటను నిషేధించుచున్నది. మీరినవారికి ఆరు నెలలవరకు కారాగారము గాని, రెండు లక్షల రూపాయలవరకు జరిమానా గాని, రెండును గాని విధింపవచ్చును. ఒకప్రక్క పేరు వ్రాయవలెనని చెప్పుచు, మరొకప్రక్క పేరు దాచుమను చట్టమును మెచ్చుకొనుట పరస్పర విరుద్ధముగ తోచవచ్చును. విరోధము లేదు. పేరు బిడ్డ కొరకు, లోకము కొరకు కాదు. బర్నార్డో గృహమున అచ్చువేసి అమ్మినది తప్పు, వ్రాసి దాచినది ఒప్పు. ఈ ఒక్క తారతమ్యమును పట్టుకొనిన చాలును.

కావున ప్రతి వసతిగృహమున నొక ఆల్బము ఉండవలెనని, అందు ఏటికొకసారియైన ప్రతి బిడ్డను విడిగా చిత్రించి పేరు, ఊరు, తేది వ్రాసి భద్రపరచవలెనని, వెళ్లిపోవునాడు ఒక ప్రతిని బిడ్డ చేతికీయవలెనని నా మనవి. ఆ పేరు తెలుగు లిపిలోను వ్రాయుట మనకు మరియొక విధి. మేముండు తమిళనాట పాఠశాల రిజిస్టరు తమిళ లిపిలో నుండును. ఆ లిపిలో ప, బ, భ లకు అక్షరమొక్కటియే. భాస్కరుడు, పాపయ్య ఒకే యక్షరముతో మొదలగుదురు. ఇందెవరి దురుద్దేశమును లేదు, కార్లైల్ క్రౌర్యముతో దీనిని పోల్చను. అయినను తల్లి పిలిచిన పేరు ఎట్లు పలుకునో బిడ్డకు కాగితముపై ఒక్కచోటనైన నిలువవలెను. సంచికలలో వేయదలచిన చిత్రములందు ఇచ్చు చేతిని గాక చేయు పనిని చూపుడు. మొగము కనబడకున్నను కొరత లేదు. నల్లబల్లపై తొలిసారి సరిగా వ్రాసిన యొక ‘ఱ’ను, దానిని వ్రాసిన చిన్న చేతిని చూపినచో దాతకు తన ధనము ఎచట ఫలించినదో తెలియును.

ఇదంతయు పెద్ద వ్యయముతో గూడిన పని కాదు. నేడు కెమెరా లేని జేబు లేదు. కొరతపడినది పెన్సిలు, ఓపిక, ఆ బిడ్డ రేపు పెద్దవాడగునను ఎరుక. ఈ సంచిక అచ్చగులోపల కార్యవర్గమువారు ఈ విషయమును ఆలోచింతురుగాక యని ప్రార్థించుచు విరమించుచున్నాను.